ఆఖరి రౌండ్ కుర్రాడా, పేరున్న ఉస్తాదా?



ఈసారి మన మొహల్లా సంగతి కాదు, సాత్ సమందర్ పార్ సంగతి రాస్తున్నాను. ఏడాదిగా మా ఇంట్లో నడుస్తున్న బహస్ ఇది. ఒకవైపు నేను, ఇంకోవైపు మా భాంజా. మా ఆపా కొడుకు. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో పుట్టి పెరిగాడు. ఉర్దూ మాట్లాడతాడు, తెలుగు అర్థం చేసుకుంటాడు. వాడి దిల్ మాత్రం డల్లాస్ కౌబాయ్స్ జట్టు దగ్గర ఉంటుంది. ఆదివారం వాళ్ళ మ్యాచ్ ముగిసేసరికి ఇక్కడ మనకు అర్ధరాత్రి దాటిపోతుంది. సోమవారం ఫజర్ నమాజు చదివి, చాయ్ పెట్టుకుని ఫోన్ తెరిస్తే వాడి మెసేజ్‌లు వరసగా ఉంటాయి. ఓడితే ఫిర్యాదులు, గెలిచినా ఫిర్యాదులే.

"మామూ, మావాళ్ళకు ఇంకో మంచి రిసీవర్ కావాలి. పేరున్న సీనియర్‌ని తెచ్చుకోవాలి. డబ్బు లేకనా?"

"ఎందుకు బేటా? డ్రాఫ్ట్ ఆఖరి రౌండ్లలో ఒక కుర్రాణ్ణి వెతికి తీర్చిదిద్దుకోవచ్చు కదా" అంటాను నేను.

మా బహస్ అంతా ఈ రెండు మాటలే. వినడానికి చిన్నదే. తవ్వుకుంటూ పోతే మాత్రం ఇందులో ఇన్సాఫ్ ఉంది, రోజీ ఉంది, ఉస్తాద్-షాగిర్దుల రిష్తా ఉంది. అందుకే మీ ముందు పెడుతున్నాను.

క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని ఇళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు దాన్ని చేత్తో విసురుతాడు. దూరంగా పరుగెత్తి దాన్ని పట్టుకునేవాడు రిసీవర్. బౌండరీ దగ్గర క్యాచ్ పట్టే ఫీల్డర్‌ని ఊహించుకోండి. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ ఫీల్డర్ పక్కనే వాణ్ణి అడ్డుకోవడానికి ఇంకొకడు పరుగెత్తుతుంటాడు. పట్టిన మరుక్షణం నేలకు పడేస్తారు. కాళ్ళ వేగం, చేతుల భరోసా, దెబ్బకు వెరవని జిగర్ - మూడూ కావాలి.

ఆటగాళ్ళను తెచ్చుకోవడానికి జట్లకు ముఖ్యంగా రెండు దారులు. ఒకటి డ్రాఫ్ట్. ఏటా ఏప్రిల్‌లో 32 జట్లు కూర్చుని, కాలేజీ కుర్రాళ్ళను ఏడు రౌండ్లలో ఒక్కొక్కరినీ ఎంచుకుంటాయి. కిందటి ఏడాది అందరికంటే వెనకపడ్డ జట్టుకు మొదటి వంతు. మన ఐపీఎల్ వేలంలో లాగా ఇక్కడ పాట పాడటం లేదు. ఎవరు పేరు పిలిస్తే కుర్రాడు అక్కడికే వెళ్ళాలి. ఎన్నో నంబరులో పిలిచారన్నదాన్ని బట్టే తన్ఖా. 2011 ఒప్పందం తర్వాత అది దాదాపు ముందే రాసిపెట్టి ఉంటుంది. నాలుగేళ్ళ కాంట్రాక్టు. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా ఎంత బాగా ఆడినా పెంచమని అడిగే వీలు లేదు.

రెండో దారి, వేరే జట్టులో పేరు తెచ్చుకున్న సీనియర్‌ని డబ్బిచ్చో, మన డ్రాఫ్ట్ వంతులిచ్చో తెచ్చుకోవడం. ఇక్కడ బజారు ధర నడుస్తుంది. 2025లో సిన్సినాటి జట్టు జమార్ చేజ్‌తో చేసుకున్న కొత్త ఒప్పందం నాలుగేళ్ళకు 16.1 కోట్ల డాలర్లు. పైగా జట్టు మొత్తం జీతాల మీద లీగ్ హద్దు పెడుతుంది. 2025లో ఆ హద్దు 27.92 కోట్ల డాలర్లు. ఒక్కడికి ఎక్కువిస్తే ఆ మేరకు ఇంకొకరికి తగ్గించాల్సిందే.

ఇప్పుడు నా దలీల్ వినండి.

2010లో ఆంటోనియో బ్రౌన్ అనే కుర్రాణ్ణి పిట్స్‌బర్గ్ జట్టు ఆరో రౌండ్‌లో 195వ నంబరులో తీసుకుంది. పొట్టివాడు, పెద్ద పేరు లేని కాలేజీ నుంచి వచ్చినవాడు. 2013 నుంచి 2018 దాకా వరసగా ఆరు సీజన్లు, ఏటా వందకు పైగా క్యాచ్‌లు పట్టాడు. 2006లో న్యూ ఆర్లీన్స్ జట్టు మార్కస్ కోల్‌స్టన్‌ను ఏడో రౌండ్‌లో 252వ నంబరులో పిలిచింది. ఆ ఏడాది మొత్తం పిలిచింది 255 మందిని! మొదటి సీజన్‌లోనే వెయ్యి గజాలు దాటాడు. ఆ జట్టు చరిత్రలో అందరికంటే ఎక్కువ గజాలు సంపాదించిన రిసీవర్‌గా రిటైరయ్యాడు. వాడు చదివిన హోఫ్‌స్ట్రా యూనివర్సిటీ 2009లో ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేసింది. అంత చిన్నచోటు నుంచి వచ్చాడన్నమాట.

డోనల్డ్ డ్రైవర్ సంగతి ఇంకా పాతది. హ్యూస్టన్‌లో ఇల్లు లేని రోజులు చూసిన పిల్లవాడు. 1999లో గ్రీన్ బే జట్టు ఏడో రౌండ్‌లో 213వ నంబరులో తీసుకుంది. మొదటి ఏడాది 3 క్యాచ్‌లు, రెండో ఏడాది 21, మూడో ఏడాది 13. మనమైతే ఇంటికి పంపేసేవాళ్ళం. వాళ్ళు ఉంచుకున్నారు. నాలుగో ఏడాది 70 క్యాచ్‌లు, 1,064 గజాలు. వాడు ఆట మానేసే నాటికి ఆ జట్టు రిసీవర్లలో అందరికంటే ఎక్కువ గజాలు వాడివే.

భాంజాకు వాళ్ళ జట్టు తారీఖే గుర్తుచేశాను. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో వంద మీటర్ల బంగారు పతకం గెలిచిన బాబ్ హేస్‌ను కౌబాయ్స్ తీసుకుంది ఏడో రౌండ్‌లో. 1973లో డ్రూ పియర్సన్‌ను డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ పిలవలేదు. ఆ తర్వాత కౌబాయ్స్ చేర్చుకుంది. ఇద్దరూ ఇవాళ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు.

వాడు తక్కువ తినలేదు. "మామూ, మీరు గెలిచినవాళ్ళ లిస్టే చదువుతున్నారు. ఓడినవాళ్ళ పేర్లు మీకు తెలీవు, ఎందుకంటే ఎవరికీ తెలీవు" అన్నాడు.

సచ్ బాత్. ఒప్పుకోవాల్సిందే. 2018లో అదే గ్రీన్ బే జట్టు ఒకే డ్రాఫ్ట్‌లో ముగ్గురు రిసీవర్లను నాలుగు, ఐదు, ఆరు రౌండ్లలో తీసుకుంది. నాలుగో రౌండ్ కుర్రాడు జేమన్ మూర్ పట్టినవి రెండే క్యాచ్‌లు. ఐదో రౌండ్ కుర్రాడు వాల్డెస్-స్కాంట్లింగ్ ఒక మోస్తరుగా నిలబడ్డాడు. ఆరో రౌండ్ కుర్రాడు ఈక్వానిమియస్ సెయింట్ బ్రౌన్ జట్టులో ఉండీ లేనట్టు గడిపాడు. ముగ్గురిలో ఒక్కడూ పెద్ద రిసీవర్ కాలేదు. ఆఖరి రౌండ్లలో ఎక్కువసార్లు జరిగేది ఇదే. అదంతా ఖజానా అని నేనంటే అది గలత్ బయానీ అవుతుంది.

కానీ ఒక తమాషా చూడండి. ఆ సెయింట్ బ్రౌన్ తమ్ముడు అమోన్-రా. 2021లో డెట్రాయిట్ జట్టు నాలుగో రౌండ్‌లో 112వ నంబరులో పిలిచింది. తనకంటే ముందు పిలుపు అందుకున్న 16 మంది రిసీవర్ల పేర్లూ వాడికి కంఠతా వచ్చు. అడిగితే వరసగా అప్పజెప్పేస్తాడు. అది జిద్ద్. ఒకే ఇంట్లో, ఒకే తండ్రి తర్బియత్‌లో పెరిగిన ఇద్దరు. ఒకడు నిలబడలేదు, ఒకడు లీగ్‌లోనే పేరున్న రిసీవర్లలో ఒకడయ్యాడు. ఎవరు ఎలా తేలుతారో ఏ తక్కెడా ముందే చెప్పలేదు. కాబట్టి నా మాట ఇది: ఆఖరి రౌండ్ అంటే దొరికే వజ్రం కాదు, విత్తనం. పది వేస్తే ఒకటో రెండో మొలుస్తాయి. ఒక్కటే వేసి, నెల తర్వాత మట్టి తవ్వి చూసేవాడికి ఏమీ దొరకదు.

ఇప్పుడు భాంజా వైపు దలీల్. సీనియర్ అంటే చూసిన సరుకు. వాడేం చేయగలడో ఏళ్ళ తరబడి రికార్డు ఉంటుంది. ఇది నిజం. 2007లో న్యూ ఇంగ్లండ్ జట్టు ఒక్క నాలుగో రౌండ్ వంతు ఇచ్చి రాండీ మాస్‌ను తెచ్చుకుంది. వాడి పని అయిపోయిందని అప్పటికి చాలామంది అనుకున్నారు. ఆ సీజన్‌లో 23 టచ్‌డౌన్లు పట్టి రికార్డు పెట్టాడు. జెర్రీ రైస్ 40 ఏళ్ళు నిండిన 2002 సీజన్‌లో ఓక్లండ్ తరఫున 92 క్యాచ్‌లు, 1,211 గజాలు సాధించాడు.

మనవాళ్ళ పేరు ఒకటి కూడా ఉంది. అహ్మద్ రషాద్. 1972లో మొదటి రౌండ్‌లో నాలుగో నంబరులో పిలుపందుకున్నప్పుడు అతని పేరు బాబీ మూర్. ఆ రోజుల్లోనే ఇస్లాం స్వీకరించి పేరు మార్చుకున్నాడు. సెయింట్ లూయిస్ నుంచి బఫలో, మధ్యలో మోకాలి గాయంతో ఒక సీజన్ మొత్తం పోయింది, తర్వాత సియాటిల్. ఎక్కడా స్థిరం లేదు. 1976లో మిన్నెసోటా జట్టు తెచ్చుకుంది. అక్కడ తన మనిషి అనుకున్నారు. 1978 నుంచి వరసగా నాలుగేళ్ళు లీగ్ మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. 1980 డిసెంబరులో క్లీవ్‌లండ్ మీద ఆఖరి బంతికి అతను పట్టిన క్యాచ్ గురించి మిన్నెసోటా ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగు జట్లు తిరిగినవాడికి సరైన చోటు దొరికితే ఏమవుతుందో అహ్మద్ రషాద్ కథ చెబుతుంది.

అయితే చూసిన సరుకు కూడా మోసం చేస్తుంది. 2021లో న్యూయార్క్ జెయింట్స్ కెన్నీ గోలాడేకు నాలుగేళ్ళకు 7.2 కోట్ల డాలర్లు రాసిచ్చింది. రెండు సీజన్లలో వాడు పట్టిన టచ్‌డౌన్ ఒక్కటే. రెండేళ్ళకే సాగనంపారు. 2019లో న్యూ ఇంగ్లండ్ జట్టు మన మొహమ్మద్ సానూ కోసం అట్లాంటాకు రెండో రౌండ్ వంతు ఇచ్చేసింది. సానూ మంచి ఆటగాడు, సూపర్ బౌల్ ఆడినవాడు, తన దీన్ గురించి దాపరికం లేకుండా మాట్లాడేవాడు. పేపర్ మీద ఖరీదు సబబే. కానీ కాలి మడమ గాయమైంది. ఎనిమిది మ్యాచ్‌లలో 26 క్యాచ్‌లు, 207 గజాలు. మరుసటి ఏడాది సీజన్ మొదలయ్యేలోపే వదిలేశారు. పోయింది సానూ జీతం ఒక్కటే కాదు. ఆ రెండో రౌండ్ వంతులో రావాల్సిన ఇంకో కుర్రాడు కూడా పోయాడు.

కౌబాయ్స్ ముచ్చట చెబితే భాంజా ముఖం ముడుచుకుంటాడు. 2018లో అమారి కూపర్ కోసం మొదటి రౌండ్ వంతు ఇచ్చారు. మంచి ఆటే ఆడాడు. 2022లో జీతం భారమని క్లీవ్‌లండ్‌కు పంపేశారు. బదులుగా దక్కింది ఐదో రౌండ్ వంతు, దాంతోపాటు ఆరో రౌండ్ వంతుల మార్పిడి. కూపర్ అక్కడికి వెళ్ళి వరసగా రెండు సీజన్లు వెయ్యి గజాలు దాటాడు. కొన్నప్పుడు బంగారం ధర, అమ్మినప్పుడు ఇత్తడి ధర. సీనియర్‌ని తెచ్చుకోవడంలోనే కాదు, పంపించడంలో కూడా అక్ల్ కావాలి.

ఇక ఒకే గదిలో రెండు దారులూ ఎదురుపడ్డ సంగతి చెబుతాను. 2009లో న్యూ ఇంగ్లండ్ జట్టు జూలియన్ ఎడెల్‌మన్‌ను ఏడో రౌండ్‌లో 232వ నంబరులో తీసుకుంది. కాలేజీలో వాడు రిసీవర్ కూడా కాదు, క్వార్టర్‌బ్యాక్. పని కొత్తగా నేర్చుకోవాలి. 2011లో అదే జట్టు పేరుమోసిన చాడ్ ఓచోసింకోను తెచ్చింది. ఆ సీజన్‌లో ఓచోసింకోవి 15 క్యాచ్‌లు. ఎడెల్‌మన్‌వి నాలుగు! ఆ రోజు తక్కెడలో పెడితే ఇద్దరూ దండగే. ఓచోసింకో ఆ ఏడాదితోనే వెళ్ళిపోయాడు. ఎడెల్‌మన్ ఉన్నాడు. కొన్నిసార్లు అవతలి పక్షాన నిలబడి డిఫెన్స్ కూడా ఆడాడు. 2013లో దారి ఖాళీ అయింది, ఒక్క సీజన్‌లో 105 క్యాచ్‌లు పట్టాడు. 2019 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడు వాడే. పిలిచిన రోజుకూ ఆ రోజుకూ మధ్య దాదాపు పదేళ్ళు. దీన్ని సబ్ర్ అనక ఏమంటాం?

ఈ బహస్‌కు నా దృష్టిలో ఫైసలా చెప్పే జట్టు లాస్ ఏంజెలెస్ రామ్స్. 2017 నుంచి 2023 దాకా ఏడు డ్రాఫ్టులలో వాళ్ళు మొదటి రౌండ్‌లో ఒక్కణ్ణీ తీసుకోలేదు. ఆ వంతులను సీనియర్ల కోసమో, తర్వాతి వంతుల కోసమో ఇచ్చేసుకున్నారు. అంటే సీనియర్లను నమ్మిన జట్టు. 2021 సీజన్ మధ్యలో ఓడెల్ బెక్‌హమ్‌ను తెచ్చుకున్నారు. ఆ సూపర్ బౌల్‌లో మొదటి టచ్‌డౌన్ అతనిదే. రెండో పావులో మోకాలు దెబ్బతింది, కూర్చుండిపోయాడు. మ్యాచ్ గెలిపించి అవార్డు అందుకున్నది మూడో రౌండ్‌లో వచ్చిన కూపర్ కప్.

మరుసటి ఏడాది అలెన్ రాబిన్సన్ అనే సీనియర్‌కు మూడేళ్ళకు 4.65 కోట్ల డాలర్లు రాసిచ్చారు. ఆ సీజన్‌లో 33 క్యాచ్‌లు, 339 గజాలు. 2023 ఏప్రిల్‌లో అతన్ని దాదాపు ఉట్టిపుణ్యానికి పిట్స్‌బర్గ్‌కు పంపేశారు. అదే నెలలో, ఐదో రౌండ్‌లో, 177వ నంబరులో నకూవా అనే కుర్రాణ్ణి పిలిచారు. కాలేజీలో గాయాలతో మ్యాచ్‌లు పోగొట్టుకున్నవాడు. సీజన్ మొదలయ్యేసరికి కప్‌కు గాయం. ఈ కుర్రాణ్ణి దింపారు. మొదటి మ్యాచ్‌లో 10 క్యాచ్‌లు, రెండో మ్యాచ్‌లో 15. సీజన్ ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. కొత్తగా వచ్చినవాడు ఇన్ని గజాలు సాధించడం లీగ్ చరిత్రలో లేదు. 1960 నుంచి నిలిచిన రికార్డు కూలిపోయింది.

ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టే. భాంజా ఆపనివ్వడు. "ఆ గదిలో కప్ లేకపోతే?" అంటాడు. సహీ ప్రశ్న. గాయంతో మైదానం బయట ఉన్నా కప్ ఆ గదిలోనే ఉన్నాడు. ఏ పరుగు ఎన్ని అడుగులకు తిప్పాలి, ఎదుటివాడి భుజం ఎటు వంగితే ఎటు మళ్ళాలి అన్నది పక్కన చేసి చూపించే మనిషి ఉంటేనే కుర్రాడికి ఎక్కుతుంది. కప్ దగ్గర నేర్చుకున్నానని నకూవా ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఇంకో సంగతి. 2025 మార్చిలో రామ్స్ 31 ఏళ్ళ కప్‌ను వదిలేసింది. వాడి స్థానంలో ఇంకో ఆఖరి రౌండ్ కుర్రాణ్ణి దింపారా? లేదు. 32 ఏళ్ళ డవాంటే ఆడమ్స్‌ను రెండేళ్ళకు 4.4 కోట్ల డాలర్లకు తెచ్చుకున్నారు. గదిలో ఒక పెద్దమనిషి ఉండాలని వాళ్ళకూ తెలుసు.

ఇక్కడ ఒక చిన్న హిసాబ్ ఉంది, ఆట చూసేవాళ్ళు కూడా మరిచిపోతుంటారు. కాంట్రాక్టు ముగిసిన ఆటగాణ్ణి పోగొట్టుకున్న జట్లకు మూడో రౌండ్ నుంచి ఏడో రౌండ్ దాకా లీగ్ అదనపు వంతులు ఇస్తుంది, ఏటా గరిష్ఠంగా 32. అలా కాంట్రాక్టు ముగిసిన బయటి సీనియర్‌ని తెచ్చుకుంటే మనకు రావాల్సినవి ఆ మేరకు తగ్గుతాయి. పాత జట్టు మధ్యలోనే వదిలేసినవాణ్ణి తెచ్చుకుంటే తగ్గవు. కప్, ఆడమ్స్ ఇద్దరూ అలా వదిలేయబడ్డవాళ్ళే. అంటే తెలివైన జట్టుకు సీనియర్, ఆఖరి రౌండ్ కుర్రాడు ఒకరికొకరు దుష్మన్లు కారు. ఒకణ్ణి తెచ్చుకునే పద్ధతి బాగుంటే ఇంకొకడి దారి కూడా మూసుకుపోదు.

ఇప్పుడు నా మనసులో గుచ్చుకునే మాట. ఆఖరి రౌండ్ కుర్రాణ్ణి అందరూ ఎందుకు పొగుడుతారు? చౌక కాబట్టి. నకూవా మొదటి కాంట్రాక్టు నాలుగేళ్ళకు కలిపి సుమారు 40 లక్షల డాలర్లు. రాబిన్సన్‌కు ఒక్క ఏడాదికి రాసిన సగటు దానికి దాదాపు నాలుగు రెట్లు. మనకు 40 లక్షల డాలర్లు మాటల్లో కూడా పట్టని మొత్తమే, కాదనను. కానీ వాడు ఆడిన ఆట విలువతో పోలిస్తే అది చిల్లర. ఆటగాళ్ళ సంఘం లెక్కలో ఈ ఆటలో సగటు కెరీర్ నాలుగేళ్ళు కూడా ఉండదు. కాంట్రాక్టు నాలుగేళ్ళు! మోకాళ్ళు బాగున్న కాలమంతా చౌక ధరలో పోతుంది. ముప్ఫై దాటాక వాడు తన ధర అడిగితే, అదే జట్టు "ఖరీదైన సీనియర్ ఎందుకు, డ్రాఫ్ట్‌లో ఇంకొకణ్ణి చూసుకుందాం" అంటుంది. చిన్నప్పుడు తక్కువిచ్చి, పెద్దయ్యాక వద్దనడం. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని వింటూ పెరిగిన మనకు ఇందులో ఏదో మెలిపెట్టినట్టు అనిపించదూ?

ఈ నొప్పి నాకు కొత్త కాదు. నేను కర్నూలులో ఉర్దూ మీడియంలో చదివాను. డిగ్రీలో తెలుగు తీసుకుంటే చుట్టాలు నవ్వారు. పత్రికలో చేరడానికి వెళ్తే అక్కడివాళ్ళు నవ్వారు. "ఉర్దూ మీడియం సాయిబు తెలుగు కాపీ ఏం రాస్తాడు?" ఒక న్యూస్ ఎడిటర్ మాత్రం ముందు నా కాపీ చదివి, ఆ తర్వాత పేరు చూశారు. ఆరు నెలలు రాత్రిళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దారు. 'ళ' ఎక్కడ, 'ల' ఎక్కడ అని నాకు నేర్పింది ఆయనే. ఆయన నజర్ లేకపోతే నేనెవరికీ కనిపించేవాణ్ణి కాదు. అప్పుడు నేను ఏడో రౌండ్ కుర్రాణ్ణి.

ఇరవై ఏళ్ళు గడిచాయి. కరోనా తర్వాత, నేను పనిచేసిన ఒకచోట సీనియర్లను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి రాజీనామాలు రాయించుకున్నారు. ఇద్దరి జీతంతో ఆరుగురు ట్రైనీలు వస్తారని లెక్క చెప్పారు. వచ్చారు కూడా. పాపం, తెలివైన పిల్లలే. కానీ రాత్రి పదకొండు గంటలకు వాళ్ళ కాపీ దిద్దేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఏడాది తిరగకుండా ఆరుగురిలో నలుగురు వేరే పనులు చూసుకున్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి నాకు ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. "సర్, నేను బాగా రాయలేకపోయానా, నాకెవరూ చెప్పలేదా?" అని అడిగింది ఒకసారి. నా దగ్గర జవాబు లేదు. అందుకే, ఎవరైనా "సీనియర్లు దండగ, చౌకగా కుర్రాళ్ళను తెచ్చుకోవాలి" అంటే, అది అమెరికా ఆట గురించి అయినా సరే, నా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

కాబట్టి దోస్తులారా, నా ఫైసలా ఇదీ.

ఆఖరి రౌండ్లలో ఏటా ఒక రిసీవర్‌నైనా తీసుకోవాలి. ఆదత్‌గా తీసుకోవాలి, లాటరీ టికెట్‌లా కాదు. తీసుకున్నవాడికి రెండు మూడు సీజన్లు ఇవ్వాలి. డ్రైవర్‌కు నాలుగో ఏడు పట్టింది, ఎడెల్‌మన్‌కు ఐదో ఏడు. సబ్ర్ లేని జట్టు ఆ వంతులు వాడుకోకుండా ఎవరికైనా ఇచ్చేయడమే నయం.

సీనియర్‌ని పేరు చూసి కాదు, పని చూసి తెచ్చుకోవాలి. జట్టులో అంతా సిద్ధంగా ఉండి ఒక్క చెయ్యి తక్కువైనప్పుడు, కుర్రాళ్ళకు చూపించే మనిషి లేనప్పుడు. అప్పుడు కూడా డబ్బు ఇవ్వండి, రేపటి పెద్ద వంతులు ఇవ్వకండి. గోలాడే దగ్గర పోయింది డబ్బే, సానూ దగ్గర రేపు కూడా పోయింది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. చౌకగా దొరికినవాడు నిలబడితే వాడి హక్ వాడు అడగకముందే ఇవ్వాలి. డెట్రాయిట్ జట్టు అమోన్-రా విషయంలో ఇదే చేసింది. మూడు సీజన్లు పూర్తయ్యాయి, రూల్ ఒప్పుకునే వేళ వచ్చింది, 2024 ఏప్రిల్‌లోనే నాలుగేళ్ళకు 12 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం చేతిలో పెట్టింది. నాలుగో ఏడు కూడా చౌకలో లాగుదామని చూడలేదు. 16 పేర్లు కంఠతా పెట్టుకున్న ఆ కుర్రాడికి అంతకంటే ఇజ్జత్ ఏముంటుంది?

ఇదంతా భాంజాకు ఫోన్‌లో చెప్పాను. చివరిదాకా విని, "మామూ, మీరు ఇద్దర్నీ కావాలంటున్నారు. ఇది బేఈమానీ" అన్నాడు. నవ్వేశాను. వాడి వయసులో నాకూ ఒక్కడే కావాల్సి వచ్చేవాడు. పక్క నుంచి ఆపా గొంతు వినిపించింది: "మీ మామూ ముసలాడవుతున్నాడు, అందుకే సీనియర్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు!" అందులోనూ కొంచెం నిజం లేకపోలేదు.

మీ ఇళ్ళలో, మీ దుకాణాల్లో, మీ మదర్సాల్లో, మీ ఆఫీసుల్లో కూడా ఇదే బహస్ నడుస్తూ ఉంటుంది. కొత్త కుర్రాణ్ణి పెట్టుకోవాలా, పాత కారీగర్‌ను ఉంచుకోవాలా అని. మీరేం చేశారు, ఏమైంది? రాయండి, చదువుతాను.

ఖుదా హాఫిజ్.